ఎరకు కొన్న రొయ్యలు

నేను మొదటిసారి రొయ్యను చేత్తో పట్టుకున్నది నా యాభైమూడో ఏట. మాది ఉరవకొండలో కిరాణా అంగడి. మా తాత కాలం నుంచి మా ఇంటి గడపలోపలికి కోడిగుడ్డు కూడా రాలేదు. కర్పూరం బిళ్లలు, పసుపు, చింతపండు, అగరొత్తులు, పొద్దున లేస్తే వీటినే ముట్టుకునే చేతులివి. ఈ చేతులతోనే దాదాపు ఎనిమిది నెలలు, వారానికొకసారి గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్టు మోసుకొచ్చి, జీడిపల్లి రిజర్వాయరు గట్టున కూచోని గాలానికి గుచ్చినాను. తినేదానికి కాదు. నేను తినను. ఆ గాలం పట్టుకున్న మనిషికి తినే యోగం లేదు.

ఆ మనిషి నా స్నేహితుడు. వానిది బెళుగుప్ప పక్కన పల్లె. వాళ్ల నాయన శెనక్కాయ మూటలు బండికేసుకోని మా నాయన అంగడికి వచ్చేవాడు. పెద్దోళ్లు బేరం మాట్లాడుతుంటే మేమిద్దరం ఆ మూటల మీద కూచోని పచ్చి శెనక్కాయలు ఒలుచుకొని తినేవాళ్లం. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడు నన్ను 'శెట్టీ' అనేవాడు, నేను వాణ్ణి 'రెడ్డీ' అనేవాణ్ణి. మొదట ఎగతాళికి మొదలుపెట్టినాం. పోనుపోను మా ఇద్దరి మధ్య అసలు పేర్లతో పనే లేకపోయింది. వాడు సేద్యం చేసినాడు, నేను అంగట్లో కూచున్నాను. వాడు ఉరవకొండకు వచ్చినప్పుడల్లా మా అంగడి అరుగు మీద అరగంట కూచోకుండా పోయింది లేదు. మేము మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. వాన, కరెంటు, ఎవరింట్లో పెండ్లి, అంతే.

వానికి షుగరు ముందే ఉండింది. నడుము నొప్పికని ఏండ్ల తరబడి మాత్రలు మింగినాడు. ఒకసారి కాళ్లు వాచి, మొగం ఉబ్బి, అనంతపురం పోయి చూపించుకుంటే రెండు కిడ్నీలూ పోయినాయన్నారు. బుధవారం, శనివారం, వారానికి రెండుసార్లు డయాలసిస్. పల్లె నుంచి రెండు బస్సులు మారి పోవల్ల. అందుకని మా అంగడి ఎనక సందులో ఒక రూము బాడుగకు తీసుకొని, మొగుడూ పెండ్లామూ ఆడికి మారినారు. కూతుర్ని బళ్లారిలో ఇచ్చినారు, ఆ పాపకు చంటిబిడ్డ. వాని భార్య పొద్దున బస్సుకు పల్లెకు పోయి బర్రెను, చేనును చూసుకొని సాయంత్రానికి వచ్చేది. శనివారం ఆమె తోడు పోయేది. బుధవారం నేను ఎట్లాగూ సరుకుకు అనంతపురం పోతాను కాబట్టి ఆ రోజు నాది.

రోజుకు ముప్పావు లీటరు నీళ్లు. అంతకు మించి తాగకూడదు. టీ, మజ్జిగ, పప్పులో చారులో నీళ్లు కూడా ఆ లెక్కలోనే. అది విన్న రోజు బస్సులో నా పక్కన కూచొని వాడు ఒకే మాట అన్నాడు.

"బోర్లో నీళ్లు పడకపాయనే అని నాలుగుసార్లు ఏడ్చినా శెట్టీ. ఇప్పుడు ఒంట్లో నీళ్లు చేరితే ఏడ్చల్లంట."

ఆ తర్వాత మెల్లగా మాటలు తగ్గించినాడు. నెల తిరిగేసరికి పూర్తిగా మానుకున్నాడు. రూములో మంచం మీద గోడకు మొగం పెట్టి పండుకునేవాడు. నేను పోతే కండ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకునేవాడు. ఒకరోజు వాని భార్య అంగడికొచ్చి, చక్కెర కావాలని, పొట్లం కట్టేదాకా నిలబడి, అప్పుడు చెప్పింది.

"అన్నా, ఆయన నాతో కూడా మాట్లాడేది లేదు. నువ్వన్నా రోంత యాడికన్నా పిల్చుకోని పోన్నా. ఆ గోడను చూసి చూసి మనిషి పిచ్చోడైపోతాండాడు."

డయాలసిస్ అయిన రోజు వాడు పీనుగలాగా ఉండేవాడు. మరుసటి రోజు రోంత తేరుకునేవాడు. అందుకని ఒక గురువారం పైటాల పూట, అంగడి మా ఆమెకు అప్పగించి, వాణ్ణి స్కూటర్ మీద కూచోబెట్టుకొని జీడిపల్లి రిజర్వాయరు కాడికి పోయినాను. ఎందుకు ఆడికే అంటే చెప్పలేను. మా పక్క చూసేదానికి ఇంకేముంది? మా చిన్నప్పుడు అక్కడ గుండ్లు, తంగేడు చెట్లు, మేకలు. ఇప్పుడు యాడో పుట్టిన కృష్ణమ్మను కాలువలో తోలుకొచ్చి నింపినారు. ఎనక గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి, ముందర కంటికి ఆననన్ని నీళ్లు. వాడు స్కూటర్ దిగి చానాసేపు నిలబడినాడు. నాకు భయమైంది, నీళ్లు ఇన్ని చూపించి తప్పు చేసినానా అని.

గట్టు కింద ఒకాయన పుట్టి బోర్లించి దానికి తారు పూస్తున్నాడు. నెల్లూరు పక్క నుంచి చేపల కాంట్రాక్టు పనికి వచ్చిన మనిషి. మమ్మల్ని చూసి పలకరించినాడు. రెడ్డి పోయి పుట్టి పక్కన కూచున్నాడు. ఆయన ఏమనుకున్నాడో, ఒక వెదురు కట్టె, దారం, నీళ్ల మీద తేలే బెండు, గాలం తెచ్చి వాని చేతికిచ్చినాడు.

"ఊరికే చూస్తా కూర్చునే బదులు ఇది పట్టుకోండి. పొద్దుపోతుంది."

ఆ రోజు ఏమీ పడలేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద నా ఎనక నుంచి మాట వినపడింది. "ఆ బెండు రెండుసార్లు మునిగింది శెట్టీ. చూస్తివా?" నలభై దినాల తర్వాత వాడు మాట్లాడిన మొదటి మాట అది. ఇంకో మాట వినపడుతుందేమోనని స్కూటర్ నెమ్మది చేసినాను.

ఆ పొద్దు నుంచి ప్రతి గురువారం అదే పని. వానికి అనంతపురంలో ఒక చిన్న రాడ్డు కొన్నాను. ఎరకు మొదట రాగిపిండి ముద్ద చేసినాం. చిన్న చేపలు వచ్చి గిల్లుకొని పోయేవి, ముద్ద కరిగిపోయేది. వానపాములైతే బాగుంటుందన్నాడు పుట్టి ఆయన. వాని భార్య పల్లెలో బర్రెల కొట్టం ఎనక తవ్వింది, నేను మా పెరట్లో కొళాయి కింద తవ్వినాను. ఒక్కటి దొరకలేదు.

"వానే లేని నేలలో వానపాము యాడుంటాది?" అన్నాడు రెడ్డి.

అప్పుడు పుట్టి ఆయన చెప్పినాడు. "రొయ్య పెట్టి చూడండి. జెల్లలూ కొరమీనులూ ఆ వాసనకి ఉండలేవు."

ఉరవకొండలో కోడి దొరుకుతుంది, ఏట మాంసం దొరుకుతుంది. రొయ్య యాడ దొరుకుతుంది? వాడు నా మొగం చూసి, "వద్దులేప్పా, రాగిముద్దే చాలు," అన్నాడు. కానీ ఆ పై బుధవారం వాణ్ణి ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టి, మిషను తగిలించినాక, నాలుగు గంటలు నాకు ఖాళీ. సరుకు పని తొందరగా ముగించుకొని ఒక పెద్ద సూపర్‌మార్కెట్టులోకి పోయినాను.

బియ్యం, పప్పులు, నూనెల మధ్య తిరిగినంతసేపూ నాకు అది నా అంగడే పెద్దదైనట్లుండింది. చివర్లో అద్దాల మూతలున్న ఐసు పెట్టెలు. వాటి దగ్గరికి పోతూనే కాళ్లు ఆగిపోయినాయి. అనంతపురంలో మా వాళ్లు చానామంది ఉంటారు. ఎవరన్నా చూస్తే ఏం చెప్పల్ల? అటూ ఇటూ చూసినాను. అక్కడ పనిచేసే ఆడపిల్ల దగ్గరికి వచ్చింది.

"ఏం కావాల సార్?"

"రొయ్యలు."

"తల తీసినవా, తలతోనా? ఫ్రైకా, కూరకా?"

నాకు ఏ రొయ్య ఎట్లుంటుందో తెలీదు. "ఎరకు," అన్నాను.

"ఎరకా?"

"చేపలకు పెట్టేదానికి."

ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది. నుదుట బొట్టు, చేతిలో సరుకుల చీటీ. "చేపలకా సార్! ఇవి మనుషులు తినేవి," అని నవ్వింది. నవ్వుతూనే తలతో ఉన్న ప్యాకెట్టు తీసి ఇచ్చింది. కౌంటర్లో దాన్ని నా సంచిలోని ఉప్పు ప్యాకెట్ల కింద పెట్టి దొంగసొత్తులాగా బయటికి తెచ్చినాను.

బస్సులో ఆ సంచి నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. డయాలసిస్ అయి సొమ్మసిల్లిన వాడు కూడేరు దాటినాక కండ్లు తెరిచి, "ఏంది శెట్టీ, నీ సంచిలోంచి నీళ్లు కారుతాండాయి?" అన్నాడు. చెప్పినాను. నా పక్క తిరిగి చూసినాడు. తర్వాత ఆ ప్యాకెట్టు తీయమని, దాని మీద ఉండేది చదవమన్నాడు. భీమవరం అని ఉంది.

"ఆడ మడికట్లలో వరి తీసేసి రొయ్యలు పండిస్తారంట కదప్పా. నీళ్లు అంత ఎక్కువంటనా ఆడ?"

"అంటారు."

"మనకు శెనక్కాయే పండకపాయ," అని మళ్లీ కండ్లు మూసుకున్నాడు.

మరుసటి రోజు గట్టు మీద కూచున్నాం. రొయ్యలు కరిగి బూడిద రంగులో మెత్తగా ఉండినాయి. వాసన నా ముక్కుకు కొత్త. నేను రెండు బారల దూరంలో కూచున్నాను. పుట్టి ఆయన తల ఎట్లా తుంచల్లనో, తోక పక్కనుంచి గాలం ఎట్లా ఎక్కించల్లనో ఒకసారి చూపించి తన పని మీద పోయినాడు. రెడ్డి ఒకటి తీసుకున్నాడు. షుగరుకు వాని వేళ్ల కొనల్లో స్పర్శ పోయింది. ఎడమ చెయ్యి డయాలసిస్ సూదులకు తాడులాగా ఉబ్బి ఉంటుంది, దానికి బలం పెట్టకూడదు. రొయ్య జారి కిందపడింది. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ జారింది. మూడోసారి గాలం బొటనవేలికి దిగింది. ముందురోజు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఇంకా ఒంట్లో ఉందేమో, ఆ చిన్న పోటుకే రక్తం ఆగకుండా కారింది. నా పంచె కొసను చించి కట్టినాను. వాడు రొయ్యను ప్యాకెట్లో వేసి మూతి ముడేసినాడు.

"ఇంటికి పోదాం పాప్పా," అన్నాడు.

నన్ను గుచ్చమని అడగలేదు. అడుగుతాడేమో అని నేను భయపడుతుంటిని. అడగలేదు. నలభై ఏండ్లలో వాడు నన్ను ముట్టుకోరానిది ముట్టుకోమని ఎప్పుడూ అడగలేదు. వాళ్ల ఇంట్లో ఏట కోసిన పండగ రోజు నేను పోతే, నాకు వేరే పొయ్యి మీద వేరే గిన్నెలో అన్నం వండించినవాడు.

నేను ప్యాకెట్టు లాక్కొని ముడి విప్పినాను. లోపలికి చెయ్యి పెడితే చల్లగా, నున్నగా తగిలింది. కండ్లు సగం మూసుకొని తల తుంచినాను. చిన్న శబ్దం వచ్చింది. ఇప్పటికీ ఆ శబ్దం నా వేళ్లకు గుర్తుంది. గాలం ఎక్కించి వాని ముందర పెట్టినాను.

"శెట్టీ," అన్నాడు వాడు.

"గమ్మున ఎయ్యి," అన్నాను.

ఆ పొద్దు పడింది. మూరెడు జెల్ల. రాడ్డు వంగింది, వాడు ఒక చేత్తో లాగలేకపోతే నేను ఎనకనుంచి పట్టుకున్నాను. గట్టు మీద పడి అది ఎగిరెగిరి కొట్టుకుంటుంటే వాడు చిన్నపిల్లోని మాదిరి అరిచినాడు. కాసేపటికి ఇద్దరం ఆ చేపకు అటొకరు ఇటొకరు కూచున్నాం.

"చేప తింటే నాకు పడదని డాక్టరు చెప్పె. నీకు మీ దేవుడు వద్దనె. ఎవరికోసరం పడతాండామప్పా దీన్ని?" అన్నాడు.

నవ్వు మొదలైంది. ఇద్దరికీ ఆగలేదు. కండ్లనీళ్లు వచ్చేదాకా నవ్వినాం. చేపను పుట్టి ఆయనకిచ్చినాం.

మిగిలిన రొయ్యలతో ఏం చెయ్యల్ల అనేది కష్టమైంది. వాని రూములో ఫ్రిజ్జు లేదు. మా అంగట్లో పాల ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు పెట్టే ఫ్రిజ్జు ఉంది. నాలుగు కవర్లలో చుట్టి, ఒక డబ్బాలో పెట్టి, అడుగున దాచినాను. ఒక నెల గడిచింది. ఒకరోజు అనంతపురం నుంచి వచ్చేసరికి మా ఆమె ఫ్రిజ్జులోవన్నీ నేల మీద పరిచి కూచోనుంది.

"ఎలక చచ్చినట్లుంది. రెండు దినాల నుంచి ఒకటే కంపు," అంది.

డబ్బా ఆమె చేతిలోనే ఉంది, ఇంకా తెరవలేదు. నేను తెరవనీయకుండా తీసుకొని చెప్పినాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పినాను. ఆమె అరుస్తుందనుకుంటిని. అరవలేదు. అంగడి మెట్టు మీద కూచుంది.

"దేవుని సామాను అమ్మే అంగడి ఇది," అంది.

"అవును."

"ఆ అన్నకు ఇంకా ఎన్ని దినాలంట?"

"ఎవరికి తెలుసు?"

మరుసటి రోజు ఆమే పెరట్లో ఒక పాత థర్మాకోలు పెట్టె పెట్టించింది. ఐసు దాంట్లో వేసుకోవల్ల, ప్యాకెట్టు ఇంట్లోకి గానీ అంగట్లోకి గానీ రాకూడదు. గురువారం వచ్చినాక పెరటి వాకిలి నుంచి రావల్ల, వేరే సబ్బుతో అక్కడే స్నానం చెయ్యల్ల. అన్నిటికీ సరే అన్నాను. ప్రతి గురువారం సాయంత్రం పెరట్లో పసుపు వేసిన బకెట్టు నీళ్లు సిద్ధంగా ఉండేవి. ఆమె వాకిలి లోపల నిలబడి, మొగం పక్కకు తిప్పుకొని, "పడిందా?" అని మాత్రం అడిగేది. పడింది అంటే ఏమీ అనేది కాదు. పడలేదు అంటే, "అయ్యో," అనేది.

కార్తీకమాసం వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా పొద్దున్నే దీపాలు, ఒంటిపూట భోజనాలు. ఆమె నన్ను పిలిచి, "ఈ నెల ఒక్కటీ వద్దు. నేను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే," అంది. కాదనలేకపోయినాను. కాదనవచ్చునేమో. నాకు లోలోపల కొంచెం నిమ్మళంగా కూడా అనిపించింది, నిజం చెప్పల్ల. ప్రతివారం అంగడి వదిలిపెట్టేది, వాసన, ఎవరన్నా చూస్తారనే భయం, వీటికి ఒక నెల సెలవు దొరికినట్లయింది.

వానికి చెప్పినాను. తల దించుకొని చెప్పినాను.

"నెలేగదప్పా, ఎందుకట్ల అయిపోతావు? చేపల్ని కూడా రోంత బతకనీ," అన్నాడు వాడు.

ఆ నెలలోనే వాడు దిగజారిపోయినాడు. ఆయాసం వచ్చి ఐదు దినాలు ఆసుపత్రిలోనే ఉండిపోయినాడు. బుధవారాలు నేను పోయినాను, పక్కన కూచున్నాను, కానీ గురువారాలు పోలేదు. ఆ నెల మధ్యలో ఒక గురువారం వాడు భార్యను తోడు తీసుకొని ఆటోలో రిజర్వాయరుకు పోయినాడని నాకు ముందు తెలీదు. తర్వాత ఆమే చెప్పింది. అంతకుముందు శనివారం అనంతపురంలో ఆ సూపర్‌మార్కెట్టు వెతుక్కుంటూ పోయి ఆమే రొయ్యలు కొనుక్కొచ్చి, పక్కింటి ఫ్రిజ్జులో పెట్టించిందంట. గట్టు మీద ఆమే గుచ్చి ఇచ్చిందంట. వాడు చేతిలోకి తీసుకొని చూసి, "శెట్టి గుచ్చినట్లు లేదు," అని, గాలం నీళ్లలో వెయ్యకుండానే చుట్టి పెట్టేసి, "పోదాం పా" అన్నాడంట.

"నేను సరిగానే గుచ్చినా అన్నా," అంది ఆమె. "నేను చేపలు కడిగే ఆడదాన్ని. నాకు రాదా?"

ఆమెకు వచ్చు. నాకంటే బాగా వచ్చు.

పోలిపాడ్యమితో కార్తీకం అయినాక వచ్చిన బుధవారమే నేను రొయ్యలు తెచ్చినాను. మరుసటి రోజు వాడు లేచి కూచోలేకపోయినాడు. పై వారం కూడా అంతే. ఆ తర్వాతి గురువారం, "ఈపొద్దు పోదాం," అన్నాడు. స్కూటర్ మీద కూచోలేడని ఆటో పిలిపించినాను. చలిగాలి. గట్టు మీద వానికి దుప్పటి కప్పి, నా భుజానికి ఆనించుకొని కూచోబెట్టినాను. రొయ్య గుచ్చి, నేనే విసిరి, రాడ్డు వాని చేతిలో పెట్టినాను. వాడు పట్టుకున్నాడు గానీ వేళ్లలో పట్టు లేదు. కింద నా చెయ్యి ఉంది.

కాసేపటికి, "దప్పిక," అన్నాడు.

ఆ రోజు నీళ్ల కొలత పొద్దున్నే అయిపోయిందని వాని భార్య నాకు చెప్పి పంపింది. నా దగ్గర నా నీళ్ల బాటిలు ఉంది. ఎదురుగా నీళ్లు, గట్టును తాకి తాకి పోతున్నాయి. బాటిలు మూత తీసి, ఆ మూతలో నీళ్లు పోసి వాని నోటికి అందించినాను. వాడు మింగలేదు, నాలుక మీద పెట్టుకొని ఉండినాడు. కండ్లతోనే ఇంకొకటి అడిగినాడు. ఇంకొకటి ఇచ్చినాను. మూడోది కూడా ఇచ్చినాను.

"రెడ్డీ, ఆ కార్తీకంలో నేను..." అని మొదలుపెట్టినాను.

"మాట్లాడొద్దప్పా. బెండు చూడు," అన్నాడు.

బెండు కదల్లేదు. ఎండ దిగేదాకా కూచొని వచ్చేసినాం.

శనివారం పొద్దున నేను అంగట్లో చింతపండు తూకం వేస్తుంటే ఫోను వచ్చింది. వాని భార్య. డయాలసిస్‌కు బస్సు ఎక్కినాక కిటికీ పక్కన ఆమె భుజం మీద తల పెట్టి పడుకున్నాడంట. నిద్రపోతున్నాడనుకుందంట. కూడేరులో ఎవరో దిగుతూ తగిలితే తల పక్కకు వాలిపోయిందంట. ఆమె ఏడవలేదు. "అన్నా, బస్సు నిలబెట్టినారు, నువ్వు రా," అంది, అంతే. తూకంలో ఉండే చింతపండును అట్లనే వదిలేసి పోయినాను.

పల్లెలో వాళ్ల చేన్లోనే పెట్టినారు. బళ్లారి నుంచి కూతురు చంటిబిడ్డనెత్తుకొని వచ్చింది. నేను ఒక పక్క నిలబడి మట్టి వేసినాను.

వచ్చిన గురువారం సాయంత్రం మా ఆమె అలవాటు కొద్దీ పెరట్లో పసుపు నీళ్ల బకెట్టు పెట్టింది. పెట్టి, లోపలికి వచ్చి, అప్పుడు గుర్తొచ్చిందేమో, వాకిట్లో నిలబడిపోయింది. నేను అంగట్లోనే ఉన్నాను. ఆ నీళ్లు మొక్కలకు పోసింది. నాకు చెప్పలేదు, పక్కింటామెతో అంటుంటే విన్నాను.

పెరట్లో థర్మాకోలు పెట్టెలో సగం ప్యాకెట్టు మిగిలిపోయింది. పారేసేదానికి చేతులు రాలేదు. ఒకరోజు అది తీసుకొని ఒక్కడినే రిజర్వాయరు కాడికి పోయి పుట్టి ఆయనకిచ్చినాను. ఆయనకు విషయం తెలీదు.

"ఆయన రాలేదేం?" అన్నాడు.

చెప్పినాను. ఆయన చేతిలోని వల కింద పెట్టినాడు.

"ఎండాకాలంలో మా ఊరు తీసుకెళ్లి సముద్రం చూపిస్తానని మాటిచ్చానండీ. వచ్చినప్పుడల్లా అడిగేవారు. సముద్రం ఎట్టుంటది, దాని ఒడ్డున కూర్చుంటే భయమేస్తదా అని. మీరు స్కూటర్ దగ్గరికి వెళ్లినప్పుడు అడిగేవారు."

నాకు తెలీదు. నలభై ఏండ్లలో వాడు సముద్రం చూడాలని నాతో ఒక్కసారి కూడా అనలేదు. నేను కూడా చూడలేదు సముద్రం. అడిగి ఉంటే పోయేవాళ్లమేమో. అడిగి ఉంటే, అంగడి ఎవరు చూసుకుంటారని నేను అనేవాణ్ణేమో. అది తెలిసే అడగలేదో ఏమో. ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.

దినాలు అయినాక వాని భార్య రూము ఖాళీ చేసింది. ఒక మంచం, రెండు పెట్టెలు, గిన్నెల మూట, గోడకు కొట్టిన క్యాలెండరు. నేనూ ఆటో డ్రైవరూ కలిసి ఎత్తినాం. అన్నీ సర్ది, ఆమె ఆటోలో కూచొని, పల్లెకు బయల్దేరే ముందు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పన్నా. ఆయనకు ఆడికి పోయేది ఇష్టంగా ఉండెనా? లేక నీతో పోతే నీ మనసు నిమ్మళంగా ఉంటాదని పోతాండెనా?"

డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు.

"తెలీదమ్మా," అన్నాను. "నేను అడగలేదు."

ఆమె తల ఊపింది. ఆ జవాబు ఆమెకు చాలిందో లేదో నాకు అర్థం కాలేదు. పైట కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, "బర్రెకు పాలు పిండే యాళ అయింది, పోతా అన్నా," అంది. ఆటో సందు మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కేదాకా నిలబడి, అంగట్లోకి వచ్చినాను. ఒకామె కందిపప్పు అరకేజీ అడిగింది. కట్టి ఇచ్చినాను.